మందు తగలని తట్ట

కానుకొప్ప పరిశోధన కేంద్రపు దస్త్రాలలో బీర నాయ్కుని గురించి మూడు వాక్యాలు ఉన్నాయి. అతనికి చదువు లేదన్నది మొదటిది. అతని ఎడమ మోకాలు వంగదన్నది రెండవది. పై రెండు కారణాల వల్ల అతనిని బాధ్యత లేని పనులలో నియమించడమైనదన్నది మూడవది.

ఆ బాధ్యత లేని పనులేవంటే, మూడు విభాగాల గాజుసామాను కడగడం, ప్రయోగాలకు పచ్చి వక్కకాయలు కోయించి తేవడం, వాటిని తట్టకు ఇరవై చొప్పున పేర్చడం, కుళ్లు తెగులు బీజాలను నీటిలో కలిపి వాటి మీద చల్లడం, ఏడు రోజులపాటు పొద్దునా సాయంత్రమూ చూసి ఎన్ని కాయలు కుళ్లాయో పుస్తకంలో గీతలు గీయడం, ఇంత పనికీ కావలసిన స్వేదన జలాన్ని బట్టీ పెట్టి తీయడం. ప్రయోగంలో ఇక మిగిలేది ఫలితాన్ని వివరించడం ఒక్కటే. అది బాధ్యత గల పని కనుక దానికి ముగ్గురు డాక్టర్లు ఉండేవారు.

అతనికి చదువు లేదన్న మాట అబద్ధం కాదు. పదకొండో ఏట వక్కచెట్టు ఎక్కినవాడు, నలభై రెండో ఏట దాని మీదినుంచి పడేదాకా నేల మీద చేసిన పని తక్కువ. మలెనాడు కొండసీమలో వక్కచెట్లెక్కే కొనెగౌడలందరి మాదిరిగానే అతను ఒక చెట్టు కొనన కూర్చుని, పక్క చెట్టు కొనను చేత్తో లాగి అందుకొని, అలా చెట్టు నుంచి చెట్టుకు దాటుతూ, కిందికి దిగకుండానే ఎకరం తోటకు మందు చల్లగలిగేవాడు. మైలుతుత్తమూ సున్నమూ కలిపిన నీలం నీళ్లే ఆ మందు. వానలు పట్టకముందు ఒకసారి, నలభై రోజులకు మరొకసారి గెలలు నిలువునా తడవాలి. తడవకపోతే ఆషాఢం దాటేసరికి కాయ మీద తడి మచ్చ, మచ్చ మీద తెల్లని బూజు, చెట్టు కింద ఆ ఏటి పంట. పాకం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పీపాలో కొడవలి ముంచి ఒక తాంబూలం నమిలేంతసేపు ఉంచేవారు. ఇనుము ఎర్రబడితే సున్నం చాలలేదని అర్థం. ఆ కొడవలికి కూడా చదువు లేదు.

అతను పడింది పరిశోధన కేంద్రం వారి చెట్టు మీదినుంచే, వారి ప్రయోగానికి కాయలు కోస్తూనే. కనుక కేంద్రం వారు ఉదారంగా ఆలోచించి, కాలు పోయిన మనిషికి రోజంతా నిలబడి చేసే ఉద్యోగం ఇచ్చారు.

ఈ కథ జరిగిన సంవత్సరానికి అతను అక్కడ చేరి పద్నాలుగేళ్లు. కేంద్రంలో మూడు విభాగాలు ఒకే కప్పు కింద, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఉమ్మడిగా కృషి చేస్తున్నాయి. తెగుళ్ల విభాగానికీ, మొత్తం కేంద్రానికీ పెద్ద డాక్టర్ శ్రీపాద హెగడె. పుట్టుకతోనే కుళ్లును తట్టుకొనే చెట్టు ఉంటుందని ఆయన నమ్మకం. తోటలోని పంతొమ్మిదో నంబరు చెట్టు అలాంటిదని ఆయన నిర్ణయం. రసాయన విభాగానికి డాక్టర్ విఘ్నేశ్వర భట్టు పెద్ద. పదకొండు మందులు తయారుచేసి విఫలమైన అనుభవంతో ఆయన పన్నెండో మందును తయారు చేశారు. పదార్థ విజ్ఞాన విభాగంలో డాక్టర్ రోహిణి పాటీల ఉండేది. ధారవాడ మనిషి, మాట గట్టిది. కాయ మీద ఉల్లిపొరకన్న పలచని మట్టిపొర ఒకటి పూస్తే తెగులు లోపలికి దిగలేదని ఆమె ఊహ.

ఆ ఏప్రిల్‌లో నాలుగు తట్టలు పెట్టారు. పంతొమ్మిదో చెట్టు కాయలు ఒకదానిలో, భట్టుగారి మందు పూసినవి ఒకదానిలో, పాటీల మట్టిపొర పూసినవి ఒకదానిలో. నాలుగవది ఏ మందూ తగలని మామూలు కాయల తట్ట, పోల్చి చూడడానికి. ఏడో రోజుకు మొదటి మూడు తట్టలలో అరవై కాయలూ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. నాలుగో తట్టలో ఇరవైకి ఇరవై కుళ్లాయి. శాస్త్రంలో ఇంతకన్న స్పష్టమైన ఫలితం ఉండదు. మూడు విభాగాలూ ఒకేసారి విజయం సాధించాయి. మిగిలిన రెండు విభాగాలది అదృష్టమని ప్రతి విభాగమూ ఒప్పుకుంది.

అంతలోనే ప్రదర్శన తోట ఒకటి కావలసివచ్చింది. కేంద్రం గుట్ట దిగగానే, జీపు ఆగడానికి అనువుగా, రోడ్డు పక్కన అర ఎకరం వక్కతోట ఉంది. శాస్త్రీయంగా అది అన్ని విధాలా తగినదని తేలింది. ఆ తోట మాదేవిది. ఆమె బీర నాయ్కుని చెల్లెలు. భర్త పోయి ఎనిమిదేళ్లు. రెండువందల అరవై చెట్లు, ఒక ఆవు, ఆ చెట్ల మీదే నడిచే ఇల్లు, ఇంతే ఆమె ప్రపంచం. ఈ ఏడు తోటలో మైలుతుత్తం చుక్క పడకూడదనీ, మూడు విభాగాల కొత్త పద్ధతులే వాడాలనీ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మే నెల ఇరవై ఎనిమిదిన ప్రారంభోత్సవం. అంతకు ముందే తోట మొదట్లో తెల్లని బోర్డు నిలబెట్టారు.

"అన్నా, దాని మీద నా పేరు కూడా రాశారట. ఎక్కడుందో చూపించు," అంది మాదేవి.

"నాకు చదువు లేదని గవర్నమెంటే రాసి పెట్టుకుందే. నన్నడుగుతావేం?"

"పైనుందా, కిందుందా? అదైనా చెప్పు."

"పైన లావుగా ఉన్నది హెగడెగారి పేరు. కింద సన్నగా చీమలబారులా ఉందే, అది నీదై ఉంటుంది."

"సన్నగా ఉంటే ఏంలే. మన ఇంట్లో ఎవరి పేరు బోర్డెక్కింది చెప్పు. నువ్వు చెట్టెక్కావు, పడ్డావు."

ఆమె ఆ బోర్డును పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది.

ఇక స్వేదన జలం సంగతి. కేంద్రంలో దానిని తీసే బట్టీ పాతకాలపు రాగి బట్టీ. నీటిని మరిగించి, ఆవిరిని రాగి గొట్టం చుట్టల గుండా చల్లార్చి, చుక్కచుక్కగా పీపాలోకి దించుతుంది. లోపల రాగి నీటికి తగలకుండా తగరం పూత ఉండాలి. ఇంట్లో మజ్జిగ గిన్నెకు ఉండే కళాయి లాంటిదే. ఏటా దీపావళి వెళ్లాక సైకిలు మీద తిత్తి కట్టుకొని ఇమాంసాబు వచ్చేవాడు. ఊళ్లో వంటపాత్రలకు వేసినట్టే బట్టీకీ కళాయి వేసి పోయేవాడు. మూడేళ్ల కిందట ఉగ్రాణం, అంటే సామాన్ల కొట్టు, చూసే శానభాగ అతనిని గేటు దగ్గర ఆపేశాడు. కళాయి అరిగిందని బీర నాయ్కుడు మూడుసార్లు అర్జీ రాయించాడు. మూడోదానికి జవాబు వచ్చింది: 'సదరు ఇమాంసాబు ఆమోదిత పనివారి జాబితాలో లేడు. జాబితాలో ఉన్నవారెవరికీ కళాయి వేయడం రాదు. కావున బట్టీకి కళాయి అవసరం లేదని నిర్ణయించడమైనది.' కొత్త గాజు బట్టీ ఒకటి రెండేళ్లుగా పెట్టెలో గడ్డి కప్పుకొని నిద్రపోతూ ఉంది. దానిని ఆవిష్కరించడానికి తగిన పెద్దమనిషి ఇంకా దొరకలేదు.

శానభాగ పొదుపరి కూడా. బట్టీకి కట్టెలు ఎక్కువ ఖర్చవుతున్నాయని అతను మరొక ఉత్తర్వు జారీ చేశాడు: 'స్వేదన జలమును మందు వేసిన తట్టలకు మాత్రమే వాడవలెను. ఏమీ చేయరాదని నియమమున్న తట్టకు బావినీరు చాలును.' తర్కం నిర్దుష్టంగా ఉంది. ఏమీ చేయకూడని తట్టకు ఇంత కష్టపడి తీసిన నీరు పోయడం ఏమీ చేయకపోవడం ఎలా అవుతుంది? సెలవుల పట్టికకూ, పగిలిన టీకప్పుల జాబితాకూ మధ్యన ఆ కాగితం ముగ్గురు డాక్టర్ల బల్లల మీదుగా పోయింది. ముగ్గురూ సంతకాలు చేశారు. బీర నాయ్కుడు దానిని తు.చ. తప్పకుండా పాటించాడు. ఉత్తర్వులు పాటించడం బాధ్యత లేని పనులలోకే వస్తుంది.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి బావి మోటారు ఆగింది. కుండ ఖాళీ. మోకాలు సలుపుతూ ఉంటే బీర నాయ్కుడు మాత్ర నోట్లో వేసుకొని, పీపాలోంచి ఒక గ్లాసు స్వేదన జలం పట్టి గుక్కెడు తాగాడు. పద్నాలుగేళ్లుగా ఆ నీటిని తీస్తున్నాడు. ఎన్నడూ నోట పోసుకోలేదు. మాత్ర దిగిపోయింది. గ్లాసు మాత్రం చేతిలోనే ఉండిపోయింది. నాలుక మీద నిలిచిన ఆ రుచి అతనికి ముప్పై ఒక్క వానాకాలాల పరిచయం. చెట్టు కొనన కూర్చుని మందు కొడుతుంటే గాలి మళ్లి పెదవుల మీద పడే తుప్పర అదే.

అతను ఇంకో గుక్క తాగాడు. తరువాత కూర్చుని, బట్టీ వంకా, బావి కుండ వంకా, గోడకు అంటించిన శానభాగ ఉత్తర్వు వంకా వరుసగా చూశాడు. గిట్టుబాటు కాని ఆలోచన ఒకటి తలలో తయారైంది. పచ్చగా ఉన్న మూడు తట్టలకూ ఈ నీరే. కుళ్లిన ఒక్క తట్టకూ బావినీరు. తెగులు బీజాలు నీటిలో ఈదుతూ పోయి కాయను పట్టుకుంటాయని హెగడెగారే ఒకసారి చెప్పారు. రాగి దిగిన నీటిలో అవి ఎంతసేపు ఈదుతాయి? అంటే పంతొమ్మిదో చెట్టుకూ, పన్నెండో మందుకూ, మట్టిపొరకూ దక్కిన కీర్తి ఇమాంసాబు రాకపోవడం వల్ల వచ్చిందన్నమాట. మూడేళ్లుగా ఏటికేడాది ఫలితాలు మెరుగుపడుతున్నాయని గోడ మీద గీసిన గీత కూడా పైకే పోతోంది. కళాయి అరిగేకొద్దీ శాస్త్రం వృద్ధి చెందింది.

అదే నిజమైతే, వానలు పట్టాక చెల్లెలి తోటను కాపాడేది ఏమీ లేదు. బోర్డు తప్ప.

మరునాడు అతను హెగడెగారి గదికి వెళ్లాడు. ఆయన కషాయం తాగుతున్నారు.

"సార్, ఆవిరినీళ్లలో రాగి దిగుతోంది."

"ఎవరన్నారు?"

"నా నాలుక."

"నాలుక ఏ కొలతల్లో చెప్పింది బీరా?"

"కొలతలు దానికి తెలీవు సార్. మందు కొట్టేటప్పుడు పెదాల మీద పడే తుప్పర రుచి. ముప్పై ఏళ్లు తిన్నాను."

"నువ్వు నమిలే తాంబూలం రుచి అయ్యుంటుంది మారాయా."

"తాంబూలంలో సున్నం రుచి వస్తుంది. రాగి రాదు."

హెగడెగారు కప్పు కింద పెట్టారు. ఆలోచించారు. "పంతొమ్మిదో చెట్టు మీద నాకు అనుమానం లేదు. భట్టు మందంటావా, అది నీళ్ల వల్లే పనిచేసిందంటే నేనేం ఆశ్చర్యపోను. వెళ్లి ఆయనకు చెప్పు."

భట్టుగారి దగ్గర లోహాలను లెక్కించే యంత్రం ఉంది. ఆయన విసుక్కోలేదు. పైగా సరదా పడ్డారు. బీర నాయ్కుడు తెచ్చిన సీసా అందుకొని, ముందుగా మరొక సీసాలోంచి యంత్రానికి కొంత నీరు తాగించి, ముల్లును సున్నా దగ్గర నిలబెట్టి, ఆ పిమ్మట ఇతని నీరు పోశారు. ముల్లు కదలలేదు.

"చూశావా, సున్నా. యంత్రం అబద్ధమాడదు బీరా."

"ముందు పోసిన నీళ్లేవి సార్?"

"స్వేదన జలం. సున్నా ఎక్కడుందో దానికి చూపించాలిగా."

"అవీ మన బట్టీవేనా?"

"మరి కాశీ నుంచి తెప్పిస్తామా?"

"అయితే మన బట్టీ నీళ్లు మన బట్టీ నీళ్లంత మంచివేనని తేలింది సార్."

"అదేగా నేను చెబుతున్నది," అన్నారు భట్టుగారు సంతోషంగా. ఆ సున్నాను ఒక కాగితం మీద అచ్చు తీసి, సంతకం చేసి ఇచ్చారు. బీర నాయ్కుడు దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని జీవితంలో అతని పేరిట వచ్చిన మొదటి శాస్త్రీయ పత్రం అదే.

పాటీల వరండాలో నిలబడి మట్టి జల్లించుకుంటోంది. ఆమె మొత్తం విన్నది. చివరన జల్లెడ పక్కన పెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమైతే నా నాలుగేళ్ల పని గంగలో కలుస్తుంది బీరణ్ణా."

"కలుస్తుంది మేడమ్."

"కాస్త తటపటాయించి చెప్పొచ్చుగా."

"వానలు తటపటాయించవు మేడమ్. మా మాదేవి తోటకి ఇప్పుడు మందు పడకపోతే మళ్లీ పడే వీల్లేదు."

ఆమె కొంతసేపు అతని మోకాలి వంక చూసింది. "ఈ ఇంట్లో నోటిమాట చెల్లదు. నీ నాలుక అంతకన్నా చెల్లదు. తట్టలు పేర్చు. అవే చెబుతాయి. కాగితం మీద నేను అడిగానని రాస్తాను."

అతను అయిదు తట్టలు పేర్చాడు. మూడు విభాగాల మూడు రకాల కాయలూ మూడింటిలో, ఈసారి బావినీటితో. నాలుగోదానిలో ఏ మందూ తగలని కాయలు, బావినీటితోనే. అయిదోదానిలోనూ ఏ మందూ తగలని కాయలే, బట్టీ నీటితో. తట్టలన్నిటికీ ఒకే రోజు, ఒకే చేత్తో బీజాలు చల్లాడు. అయిదో తట్టకు పాటీల చేత 'బీ-5' అని చీటీ రాయించుకున్నాడు.

"బీ అంటే ఏమిటని అడిగితే?" అంది ఆమె.

"నా పేరే కదా. అడిగితే చెప్తాను."

ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజులూ లోయలోని తోటలన్నిటిలో నీలం పీపాలు కదులుతున్నాయి. చెట్ల కొనల మీద కొనెగౌడల కేకలు వినిపిస్తున్నాయి. పడమటి నుంచి మబ్బులు వచ్చి చూసి పోతున్నాయి. మాదేవి గడపలో కూర్చుని వక్క ఒలుస్తూ ఆ కేకలు వింటోంది.

"పక్క తోటవాళ్లు నిన్ననే కొట్టేశారు అన్నా. నన్ను చూసి నవ్వుతున్నారు. బోర్డు గొడుగులా పట్టుకుంటావా అంటున్నారు."

"ఇంకో అయిదు రోజులు ఓర్చుకో."

"రేపే వాన వస్తే?"

అతను పడమటి మబ్బుల వంక చూశాడు.

"కొట్టించేద్దామంటే వేలిముద్ర వేశానాయె. మాట తప్పితే నీ ఉద్యోగానికి ముప్పొస్తుందేమో. ఎటూ పాలుపోవడం లేదు నాకు."

"నా ఉద్యోగం సంగతి నాకొదిలెయ్. సున్నం తడిపి ఉంచు. మైలుతుత్తం గుడ్డలో కట్టి పీపా మీద వేలాడదియ్యి. నీళ్లలో మాత్రం ముంచకు."

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు, ప్రదర్శనకు తట్టలు ఎంపిక చేయడానికి ముగ్గురు డాక్టర్లూ శానభాగను వెంటబెట్టుకొని కిందికి వచ్చారు. వారి కంటికి మొదట పడింది బీ-5. ఇరవై కాయలు, అప్పుడే చెట్టునుంచి దించినట్టు పచ్చగా. పక్కనున్న నాలుగు తట్టల మీద బీర నాయ్కుడు గుడ్డ కప్పి ఉంచాడు.

"ఇదేమిటి బీరా, కొత్తది?" అన్నారు హెగడెగారు. ఒక కాయ చేతిలోకి తీసుకొని తిప్పారు. "ఒక్క మచ్చ లేదు. ఏ చెట్టుది?"

"మామూలు చెట్లదే సార్."

"చెట్టుది కాదండీ, ఇది మందు ప్రభావం," అన్నారు భట్టుగారు. "కాయ తొడిమ దగ్గర చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. రసాయనం లోపలికి దిగింది. బీరా, నా అలమరలోంచి ఏదైనా తీశావా? నిజం చెప్పు, నేనేమీ అనను. పదమూడో సీసాయేనా?"

"అలమర తాళం మీ దగ్గరే ఉంది సార్."

"పోనీ ఏ విభాగానిదైనా, ప్రదర్శనలో ముందు వరసలో పెట్టాలి," అన్నారు హెగడెగారు. "తెగుళ్ల విభాగం ఆధ్వర్యంలో అని రాద్దాం."

"రసాయన విభాగం సహకారంతో," అన్నారు భట్టుగారు.

పాటీల కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె భుజాలు కొద్దిగా కదులుతున్నాయి.

"దీనికి పూసిందేమిటి, అది చెప్పు ముందు," అన్నారు హెగడెగారు.

"ఏమీ పూయలేదు సార్. ఇది మందు తగలని తట్ట. చల్లింది మన బట్టీ నీళ్లు." అతను పక్క తట్టల మీది గుడ్డ తీశాడు. "ఇవి మీ ముగ్గురివీ. వీటికి చల్లింది బావినీళ్లు."

పంతొమ్మిదో చెట్టు కాయలు ఇరవైకి ఇరవై తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. పన్నెండో మందు కాయలు ఇరవైకి ఇరవై, ఇంకొంచెం ఎక్కువగా. ఏ మందూ తగలని నాలుగో తట్టలోనూ ఇరవైకి ఇరవై. మట్టిపొర తట్టలో పదిహేడు కుళ్లాయి, మూడు పచ్చగా ఉన్నాయి. మొదట తేరుకున్నవాడు శానభాగ.

"మందు తగలని తట్టకు స్వేదన జలం వాడావా? ఉత్తర్వుకు విరుద్ధం కదా ఇది?"

"ఉగ్రాణం వారు దయచేసి నోరు మూసుకుంటారా," అంది పాటీల. ఆమె ఆ మూడు కాయలనే చూస్తోంది.

భట్టుగారు యంత్రం మీద ముల్లు కదలలేదని గుర్తు చేశారు. బీర నాయ్కుడు జేబులోంచి ఆ సున్నా కాగితం తీసి, గౌరవంగా బల్ల మీద పెట్టాడు. భట్టుగారు దానిని రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతూ ఉండగా ఆయన ముఖం మెల్లగా మారింది. మొదట పోసిన నీరు ఎక్కడిదో అప్పటికి ఆయనకు తట్టింది.

హెగడెగారు పెద్ద పదవిలో ఉన్న మనిషి, త్వరగా కలతపడరు. "ఆహ్వాన పత్రికలు పంచేశాం. తట్ట వేరు, తోట వేరు. తోటలో పంతొమ్మిదో చెట్టు గుణం బయటపడవచ్చు. ఒక ఏడు చూద్దాం. ప్రయోగమన్నాక ఒక ఏడు పోతే పోతుంది."

బీర నాయ్కుడు కుంటుతూ రెండడుగులు ముందుకు వచ్చాడు. "తోట తట్ట కాదు సార్. తట్టలో ఇరవై కాయలు పోతే మళ్లీ కోసుకొస్తాను. పద్నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను. మా చెల్లెలికి ఇంకో తోట లేదు."

ఆ మాటకు వివరణ ఇవ్వవలసిన బాధ్యత ఏ విభాగానికీ ఉన్నట్టు లేదు. చివరికి పాటీలే కదిలింది.

"నా పేరు తీసెయ్యండి హెగడెగారూ. ఇరవైలో మూడు నిలిచిన పొరను నేను తోటకు పంపను. ఈ సాయంత్రమే రాసిస్తాను."

"ఆమె తప్పుకుంటే నేనూ తప్పుకుంటాను," అన్నారు భట్టుగారు వెంటనే. తన మందు నలుగురి ముందూ ఓడడం కన్న హెగడెగారి చెట్టు ఒంటరిగా ఓడడం ఆయనకు శాస్త్రీయంగా ఎక్కువ ఆసక్తికరం. మూడు సంతకాలు లేనిదే ఉమ్మడి ప్రయోగం నడవదు. ఆ విధంగా, జీవితంలో మొదటిసారి, మూడు విభాగాలూ కలిసి పనిచేశాయి. అనివార్య కారణాల వల్ల ప్రదర్శన వాయిదా పడినదనీ, తోట యజమానురాలు తన ఇష్టప్రకారం నడుచుకోవచ్చుననీ ఆ సాయంత్రమే కాగితం తయారైంది. ఆ అనివార్య కారణం దానిని చేత పట్టుకొని కుంటుకుంటూ గుట్ట దిగింది.

మరునాడు తెల్లవారేసరికి మాదేవి తోటలో నీలం పీపా సిద్ధం. చెట్టెక్కడానికి ఇద్దరు కొనెగౌడలు వచ్చారు. బీర నాయ్కుడు పాత కొడవలి మెరిసేదాకా రుద్ది పీపాలో ముంచాడు. అన్నాచెల్లెళ్లు ఒక తాంబూలం నమిలారు. కొడవలి తెల్లగానే పైకి వచ్చింది.

"కొట్టండ్రా," అన్నాడు అతను.

బోర్డు సర్కారు ఆస్తి. దానిని తీయాలంటే తనిఖీ నివేదిక కావాలని శానభాగ అన్నాడు. కనుక అది అక్కడే ఉండిపోయింది. పైనుంచి రాలిన తుప్పర దాని మీద పొరలు పొరలుగా ఎండింది. మధ్యాహ్నానికి 'ఈ తోటలో మైలుతుత్తము వాడబడలేదు' అన్న వాక్యం లేత నీలం రంగు కింద మాయమైంది.

"అన్నా, నా పేరు కూడా పోయింది చూడు," అంది మాదేవి, తడిగుడ్డ చేతిలో పట్టుకొని.

"తుడిచేవు. ఉండనీ."

రెండు రోజులకే వాన పట్టింది. నలభై రోజులు విడవలేదు. సందు దొరికినప్పుడు రెండోసారి కూడా కొట్టించారు. భాద్రపదంలో గెలలు దించినప్పుడు మాదేవి తోటలో కుళ్లిన కాయలు రెండు బుట్టలు. పక్క తోటవాళ్లకు మూడు. నవ్వే వంతు ఇప్పుడు ఆమెది. ఆమె దానిని పూర్తిగా వాడుకుంది.

విజ్ఞానం కూడా నష్టపోలేదు. రాగి లేశమాత్రంగా ఉన్నా తెగులు బీజాలు ఈదలేవని నిరూపిస్తూ మరుసటి ఏడు ఒక వ్యాసం వెలువడింది. లోయలోని కొనెగౌడలు నూరేళ్లుగా చెట్ల మీద కూర్చుని చేస్తున్న పని సరైనదేనని దానితో ధ్రువపడింది. వ్యాసం మీద రెండు పేర్లున్నాయి: హెగడె, భట్టు. పాటీల తన పేరు వద్దంది. చివరి పుటలో కేంద్రపు స్వేదన యంత్రానికి కృతజ్ఞతలు తెలిపారు. గాజు బట్టీని ఆవిష్కరణ లేకుండానే పెట్టెలోంచి తీశారు. బీర నాయ్కుని సేవకు గుర్తింపుగా ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది: పనివారు స్వేదన జలమును త్రాగరాదు. అతని దస్త్రంలో నాలుగో వాక్యం చేరింది: ఒకసారి త్రాగియున్నాడు.

పాటీల ఆ మూడు కాయలను వదలలేదు. ఇరవైలో మూడు ఎందుకు నిలిచాయో తెలుసుకోవాలని మట్టిని మార్చి మార్చి పూస్తోంది. ఒక ఏడు నాలుగు నిలిచాయి. ఇంకో ఏడు రెండు. తట్టలు పేర్చేది బీర నాయ్కుడే. అన్ని తట్టలకూ ఒకే నీరు పడాలని ఇద్దరికీ తెలుసు. అయితే శానభాగ పాత ఉత్తర్వును ఎవరూ రద్దు చేయలేదు. మందు తగలని తట్టకు స్వేదన జలం కోరితే ఉగ్రాణం ఇవ్వదు. అందుచేత వారు దానికి కూడా ఒక మందు పేరు రాసి, సంతకం పెట్టి, నీరు తెచ్చుకుంటున్నారు.

"ఏం పేరు రాయను?" అని పాటీల మొదటిసారి కలం పట్టుకొని అడిగింది.

బీర నాయ్కుడు కాసేపు ఆలోచించాడు. "మాదేవి అని రాయండి మేడమ్. కొంచెం లావుగా."

ఆ పేరు నేటికీ ఆ పుస్తకంలో ప్రతి ప్రయోగం మొదటి వరసలో ఉంది. ఆ మందు ఇంతవరకు ఒక్క కాయనూ కాపాడలేదు. దాని పని అది సక్రమంగా చేస్తోందని ఇద్దరూ తృప్తిగా ఉన్నారు.